ఇది గుండెపోటేనా, గుండెకి పాకిన క్యాన్సరా?

మా పెదనాన్నకి మూడు రాత్రులు పడుకోవడం కుదర్లేదు. ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని, ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీదకి వాలితేనే ఊపిరి అందుతోందనేవాడు. వెనక్కి ఆనుకుంటే చాలు, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుందని మళ్ళీ ముందుకి వచ్చేసేవాడు. మేం గ్యాస్ అనుకున్నాం. వాము నమిలించాం, సోడా తాగించాం. నాలుగో రోజు తెల్లవారకముందే ఆటోలో దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, "హార్ట్ ఎటాక్‌లా ఉంది, రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం" అన్నాడు. ఇచ్చేముందు ఎవరినైనా అడిగే ప్రశ్నే మమ్మల్నీ అడిగాడు: "ఇంకేమైనా జబ్బులున్నాయా?"

"ఏం లేవు సార్, కొంచెం బీపీ అంతే" అన్నాడు మా అన్నయ్య.

ఉంది. అప్పటికి ఐదు నెలల ముందే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. పెదనాన్నకి చెప్పలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్పి విశాఖ తీసుకెళ్ళి కీమో ఎక్కించి తీసుకొస్తున్నాం. డాక్టరు అడిగినప్పుడు ఆయన పక్కనే మంచం మీద ఉన్నాడు, ఆయన ముందు ఆ మాట అనడానికి అన్నయ్యకి నోరు రాలేదు. మా వదినే డాక్టరు వెనకాల వెళ్ళి, వరండాలో ఆపి, కూరగాయల సంచిలోంచి ఫైలు తీసి చూపించింది. డాక్టరు ఆ ఇంజెక్షన్ ఆపేసి, ముందు ఎకో, అంటే గుండెకి చేసే స్కానింగు, చెయ్యాలన్నాడు. అక్కడ ఆ సమయంలో ఎకో చేసేవాళ్ళు లేరు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వైపు అంబులెన్స్‌లో తీసుకెళ్ళాం. అక్కడ తేలింది, గుండె చుట్టూ నీరు నిండిపోయిందని. క్యాన్సర్ గుండె పొరకి పాకింది. ఆ ఇంజెక్షనే గనక పడి ఉంటే ఆ నీటిలోకి రక్తం కారి, దారిలోనే ప్రాణం పోయేదేమో అని అక్కడి డాక్టరుగారు చెప్పినప్పుడు మా అన్నయ్య గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఇది రాయడానికి కారణం ఆ వరండా. క్యాన్సర్ ఉన్న మనిషికి ఛాతీలో నొప్పి వస్తే దాని వెనక ఒకటి కాదు, నాలుగైదు రకాల కారణాలు ఉండొచ్చు. ఈసీజీ కాగితం మీద కొన్ని అచ్చం ఒకేలా కనబడతాయి. వైద్యం మాత్రం వేరు, ఒకదానికి ప్రాణం పోసే మందు ఇంకోదానికి ప్రాణం తీస్తుంది. వాటిని విడదీసి చూసేందుకు డాక్టరుకి కావలసిన మొదటి ఆధారం మన నోటి మాటే. నేను డాక్టర్ని కాదు. ఆ తర్వాత కనబడ్డ ప్రతి డాక్టర్నీ అడిగి, చదివి, అర్థం చేసుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

గుండెకి క్యాన్సర్ రాదు కదా!

మా బంధువుల్లో సగం మంది ఇదే మాట అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. గుండెలోనే పుట్టే గడ్డలు చాలా అరుదు, పోస్టుమార్టం లెక్కల్లో వెయ్యి మందిలో ఒకరికి కూడా కనబడవు, కనబడ్డ వాటిలోనూ ఎక్కువ భాగం క్యాన్సర్ కాని మామూలు గడ్డలే. ఎందుకంటే క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా విడిపోతూ పెరగడం. చర్మం, పేగు లోపలి పొర, ఊపిరి గొట్టాల లోపలి పొర రోజూ పాత కణాలని రాల్చి కొత్తవాటిని పుట్టిస్తుంటాయి కాబట్టి అక్కడ తప్పు జరగడానికి అవకాశాలూ ఎక్కువ. గుండె కండరంలో ఆ పని దాదాపు ఆగిపోయి ఉంటుంది. 2009లో స్వీడన్ పరిశోధకులు దీన్ని ఒక చిత్రమైన పద్ధతిలో కొలిచారు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగింది, అది తిండి ద్వారా మనుషుల కణాల్లోకీ చేరింది, దాని మోతాదుని బట్టి గుండె కణం ఏ కాలంలో పుట్టిందో లెక్కకట్టారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం మారుతుందని, 75 ఏళ్లు వచ్చేసరికి అందులో సగం కూడా మారవని తేలింది. అంటే మనతో పుట్టిన గుండె కణాల్లో సగానికి పైగా చివరిదాకా మనతోనే ఉంటాయి.

మిగతా సగం మాత్రం తప్పు. వేరే చోట పుట్టిన క్యాన్సర్ గుండెకి పాకడం, గుండెలోనే పుట్టే గడ్డలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళకి పోస్టుమార్టం చేసి చూసినప్పుడు, లెక్కలు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా, ఇంచుమించు పదిమందిలో ఒకరికి గుండెలోనో దాని పొరలోనో క్యాన్సర్ కనబడింది. బతికున్నప్పుడు వీళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. గుండెకి సంబంధించిన బాధ ఏదీ ఉండదు, ఉన్నా ఆయాసాన్నీ నీరసాన్నీ అసలు జబ్బు ఖాతాలోనే వేసేస్తాం.

నిజానికి గుండె క్యాన్సర్ కణానికి అంత సుఖమైన చోటు కాదు. రోజుకి లక్ష సార్లు ముడుచుకుని విచ్చుకునే కండరంలో, వేగంగా పారే రక్తంలో, ఒక కణం నిలదొక్కుకోవడం కష్టం. ఒంట్లో కణాల మధ్య ఊరి గ్రంథుల గుండా పారే తేట ద్రవాన్ని లింఫు అంటారు, గుండె నుంచి ఆ లింఫు ద్రవం కూడా బయటివైపే పోతుంది. అయినా చేరుతుంది, దారులు చాలా ఉన్నాయి. ఊపిరితిత్తి, అన్నవాహిక, రొమ్ము, ఇవన్నీ గుండెకి పక్క ఇళ్ళు. అక్కడి గడ్డ పెరుగుతూ పెరుగుతూ గోడ దాటి నేరుగా వచ్చేయగలదు. ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులు క్యాన్సర్‌తో నిండిపోతే ముందుకి పోవాల్సిన ద్రవం, కాలవకి అడ్డుకట్ట పడ్డట్టు, వెనక్కి ఎగదన్ని గుండె పొరకి క్యాన్సర్ కణాల్ని మోసుకొస్తుంది. ఇంకొన్ని రక్తంలో కొట్టుకొస్తాయి. కిడ్నీ క్యాన్సర్, కాలేయ క్యాన్సర్ అయితే పెద్ద సిర లోపలే తీగలా పాకుతూ గుండె కుడి గదిలోకి తలపెట్టడం కూడా ఉంటుంది.

ఎక్కువమందిలో ఇలా గుండెకి చేరేది ఊపిరితిత్తుల క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, రక్త క్యాన్సర్లు, అన్నవాహిక క్యాన్సర్ తర్వాత వస్తాయి. మెలనోమా అనే ఒక రకం చర్మ క్యాన్సర్ మనవైపు తక్కువగానీ, గుండెని వెతుక్కుంటూ వెళ్ళడంలో దాన్ని మించింది లేదు, దానితో చనిపోయినవాళ్ళలో సగం మందికి గుండెలో దాని జాడ కనబడుతుందంటారు. మన దగ్గర ఎక్కువగా చూసే నోటి క్యాన్సర్ గుండెదాకా రావడం అరుదు, కానీ అలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నీరు అని తేలిగ్గా అనేసే మాట

గుండెని చుట్టి రెండు పొరల సంచి ఒకటి ఉంటుంది. స్కూల్లో హృదయావరణం అని చదువుకున్నాం. క్యాన్సర్ గుండెకి పాకిందంటే చాలాసార్లు పాకేది ఈ సంచికే, కండరానికి పాకడం దానికంటే తక్కువ, గుండె గదుల లోపలి గోడకి పాకడం ఇంకా తక్కువ. మామూలుగా ఆ రెండు పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది, ఇరుసుకి నూనెలాగా, గుండె కొట్టుకునేటప్పుడు పొరలు రాసుకోకుండా. క్యాన్సర్ చేరాక అక్కడ ద్రవం ఊరడం మొదలవుతుంది.

ఎంత ఊరిందనే దానికంటే ఎంత తొందరగా ఊరిందన్నదే ముఖ్యం. నెలల తరబడి మెల్లగా ఊరితే ఆ సంచి కూడా సాగుతూ ఒక లీటరు దాకా ఓర్చుకుంటుంది. గంటల్లో నిండితే 200 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుకి కొంచెం పైన, మనిషిని పడగొట్టడానికి చాలు. బయట నుంచి ఒత్తిడి పెరిగేకొద్దీ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గానీ విచ్చుకోలేదు. విచ్చుకోకపోతే అందులోకి రక్తం రాదు, రానప్పుడు బయటికి పంపడానికీ ఏమీ ఉండదు. బీపీ పడిపోతుంది, మెడలో సిరలు ఉబ్బి కనబడతాయి, స్టెత్ పెడితే గుండె చప్పుడు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినబడుతుంది. ఈ మూడు గుర్తుల్నీ కలిపి 1935లో చెప్పినవాడు క్లాడ్ బెక్ అనే అమెరికా సర్జన్, ఇప్పటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరు మీదే గుర్తుపెట్టుకుంటారు. నాడి పట్టుకుని చూస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా అది సన్నబడిపోతుంది.

పెదనాన్న దిండ్ల మీదకి ముందుకి వాలడం కూడా గుర్తే. గుండె పొరకి బాధ ఉన్నవాళ్ళకి వెల్లకిలా పడుకుంటే నొప్పి పెరుగుతుంది, ముందుకి వంగితే తగ్గుతుంది. అది మాకు అప్పుడు తెలియదు. ఒక నర్సు గదిలోకి అడుగుపెట్టి ఆయన కూర్చున్న తీరు చూసి, ఎకో రిపోర్టు రాకముందే, "ఈయనకి గుండె చుట్టూ నీరుందేమో చూడండి డాక్టర్" అంది.

నీరు తీయడం నేను దగ్గరుండి చూశాను. ఎకో తెరమీద నల్లటి వలయం మధ్య గుండె ఊయలలో పిల్లాడిలా అటూ ఇటూ ఊగుతోంది. రొమ్ము ఎముక కింద మత్తు ఇచ్చి, పొడవాటి సూదిని పైకి, ఎడమ భుజం దిక్కుగా పోనిచ్చారు. సిరంజిలోకి వచ్చింది నీరులా లేదు, బీట్‌రూట్ ఉడకబెట్టిన నీళ్ళలా ఎర్రగా ఉంది. నేను రక్తమే వస్తోందని, సూది గుండెకి గుచ్చుకుందని కంగారుపడ్డాను. డాక్టరుగారు అందులో కొంచెం స్టీలు గిన్నెలో వేసి పక్కన పెట్టి, "చూస్తూ ఉండండి, ఇది గడ్డకట్టదు" అన్నారు. గుండెలోంచి నేరుగా వచ్చిన రక్తమైతే కాసేపటికి గడ్డకడుతుంది, సంచిలో కొన్నాళ్ళుగా నిలవున్నది మామూలుగా కట్టదు. మూడో సిరంజి నిండేసరికి తెరమీద బీపీ ఎక్కడం మొదలైంది. పెదనాన్న తల దిండుకి ఆన్చాడు. తర్వాత సన్నని గొట్టం ఒకటి అక్కడే ఉంచి సంచి తగిలించారు, మర్నాటికి ముప్పావు లీటరు దాకా దిగింది. ఆ ద్రవాన్ని పరీక్షకి పంపితే అందులో క్యాన్సర్ కణాలు కనబడ్డాయి.

ఇక్కడ రెండు మందుల సంగతి చెప్పాలి. గుండెపోటుకి ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్లు, రక్తం పలచబరిచే మందులు ఇలాంటి మనిషికి పడితే ఆ సంచిలోకి రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. ఆయాసం, కాళ్ళవాపు చూసి ఒంట్లో నీరు చేరిందని మూత్రం ఎక్కువ పోయే బిళ్ళలు మింగించినా ముప్పే, అప్పటికే సరిగా నిండని గుండెకి వచ్చే రక్తం ఇంకా తగ్గి బీపీ కూలిపోతుంది. మెడికల్ షాపులో అడిగి ఆ బిళ్ళలు కొనుక్కునే అలవాటు మా దగ్గర బాగా ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఈసీజీ ఒకటి చెబుతుంది, యాంజియోగ్రామ్ ఇంకోటి చెబుతుంది

మామూలు గుండెపోటు అంటే ఏమిటో మనందరికీ ఇప్పుడు బాగానే తెలుసు. గుండెకి రక్తం తీసుకెళ్ళే కరొనరీ నాళాల్లో, మనం వాడుకలో గుండె నరాలు అంటామే, వాటిలో కొవ్వు పేరుకుని, ఒకరోజు ఆ పూత చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కండరం చావడం మొదలవుతుంది. ఈసీజీలో ఒక చోట గీత పైకి లేస్తుంది, దెబ్బతిన్న కండరంలోంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది.

క్యాన్సర్ గుండె కండరంలోకే దిగితే సరిగ్గా ఈ రెండూ కనబడొచ్చు, ఏ నాళమూ మూసుకోకుండానే. క్యాన్సర్ గడ్డ చుట్టూ ఉన్న కండరం దెబ్బతింటుంది కాబట్టి ఈసీజీలో గీత లేస్తుంది, ట్రోపోనిన్ పెరుగుతుంది. మనిషికి నొప్పి ఉంటుంది. వెంటనే యాంజియోగ్రామ్, అంటే గుండె నాళాల్లోకి రంగుమందు పంపి తీసే ఎక్స్‌రే, చేస్తే నాళాలు శుభ్రంగా ఉంటాయి. డాక్టర్లు ఇక్కడ చూసే తేడాలు కొన్ని ఉన్నాయి. గుండెపోటులో ఈసీజీ గంటలు రోజులు గడిచేకొద్దీ మారుతుంది, గీత దిగుతుంది, చనిపోయిన కండరానికి గుర్తుగా వేరే గుంటలు వస్తాయి. గడ్డ ఉన్నచోట ఆ గీత రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి, అలాగే లేచి ఉంటుంది. ట్రోపోనిన్ కూడా గుండెపోటులో ఎక్కి దిగుతుంది, ఇక్కడ పెద్దగా మారకుండా సాగొచ్చు. అందుకే పాత ఈసీజీ కాగితం ఒకటి దగ్గరుంటే అది బంగారంతో సమానం, నెల క్రితం గీత ఎలా ఉందో పక్కన పెట్టుకుని చూడొచ్చు. తర్వాత ఎకో, గుండె ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్ అసలు సంగతి బయటపెడతాయి. కండరంలో దిగిన గడ్డ గుండెకి కరెంటు తీసుకెళ్ళే దారిని తెంపేస్తే నాడి మరీ నెమ్మదించి కళ్ళు తిరిగి పడిపోతారు, అప్పుడు పేస్‌మేకర్ అవసరం పడుతుంది. కొందరిలో గుండె లయ తప్పి దడదడ కొట్టుకుంటుంది.

మరి క్యాన్సర్ పాకడం వల్లే నిజమైన గుండెపోటు వస్తుందా? వస్తుంది, కాకపోతే చాలా అరుదు. నాళం పక్కనే పెరిగిన గడ్డ దాన్ని బయట నుంచి నొక్కేయొచ్చు, లేదా నాళం గోడ తొలుచుకుని లోపలికి రావొచ్చు. మూడో దారి నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది. ఊపిరితిత్తిలోని గడ్డ అక్కడి సిరలోకి దిగిందనుకోండి, ఆ సిర నేరుగా గుండె ఎడమ గదికి వెళ్తుంది. అక్కడ విరిగిన ముక్క ఎడమ గదిలోంచి బృహద్ధమనిలోకి, దాని మొదట్లోనే చీలే కరొనరీ నాళంలోకి కొట్టుకుపోయి అడ్డం పడగలదు. అప్పుడు నాళం మూసింది రక్తం గడ్డ కాదు, క్యాన్సర్ ముక్క, కాబట్టి కరిగించే మందుకి అది కరగదు. కిడ్నీ నుంచి పెద్ద సిరలో పాకివచ్చిన గడ్డ సంగతి వేరు, అది చేరేది కుడి గదికి, ముక్క విరిగినా మామూలుగా పోయేది ఊపిరితిత్తులకే. ఊపిరితిత్తుల్లో అడ్డం పడినా ఛాతీలో నొప్పీ ఆయాసమూ వస్తాయి, అదీ చూడ్డానికి గుండెపోటులాగే ఉంటుంది.

పాకకుండానే వచ్చే గుండెపోటు

ఇప్పటిదాకా చెప్పింది చదివి, ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్ళకి గుండెనొప్పి రాగానే పాకేసిందని గుండె జారిపోవద్దు. లెక్క చూస్తే, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి వచ్చే గుండెపోట్లలో పాకడం వల్ల వచ్చేవి చాలా తక్కువ. ఎక్కువ భాగం వేరే కారణాలతో వస్తాయి, వాటిలో చాలావాటికి మంచి వైద్యం ఉంది.

మొదటిది పొగాకు. ఈ సరిహద్దు ఊళ్ళలో పళ్ళు తోముకునే గుడాకు, ఖైనీ, జర్దా పాన్, బీడీ, చుట్ట, శ్రీకాకుళం వైపు ముసలమ్మలు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, ఏదో ఒకటి లేని ఇల్లు తక్కువ. పొగాకు నోటిలోనో ఊపిరితిత్తిలోనో క్యాన్సర్ తెచ్చేది ఒక పక్క, అదే పొగాకు గుండె నాళాల్ని పాడుచేసేది ఇంకో పక్క. ఇరవై ఏళ్ళు కాల్చిన మనిషికి రెండు జబ్బులూ విడివిడిగా పెరుగుతుంటాయి, ఏది ముందు బయటపడుతుందన్నదే తేడా. అలాంటి వాళ్ళకి వచ్చేది మామూలు గుండెపోటే. "క్యాన్సర్ పేషెంటు కదా, ఇంకెందుకు స్టెంటు" అని ఇంట్లోవాళ్ళే వెనక్కి తగ్గిన సందర్భాలు నాకు తెలుసు. ఆ నిర్ణయం క్యాన్సర్ ఏ దశలో ఉందో తెలిసిన డాక్టరు, గుండె డాక్టరు, పేషెంటు కలిసి తీసుకోవాల్సింది.

రెండోది రక్తం చిక్కబడటం. క్యాన్సర్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. దీన్ని 1865లోనే ఫ్రెంచి వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో చెప్పాడు, కారణం లేకుండా సిరల్లో గడ్డలు కడుతుంటే లోపల ఎక్కడో క్యాన్సర్ ఉందేమో చూడమని. రెండేళ్ళ తర్వాత తన సిరలోనే గడ్డకట్టడం చూసుకుని, తనకి కడుపులో క్యాన్సర్ ఉందని గ్రహించాడు, 1867లో దానితోనే పోయాడు. ఈ గడ్డలు ఎక్కువగా కాళ్ళలో కట్టి ఊపిరితిత్తులకి చేరతాయి, కొన్నిసార్లు గుండె నాళాల్లోనే కడతాయి. గుండె కవాటాల మీద ఏ సూక్ష్మజీవీ లేకుండా చిన్న చిన్న రక్తం ఉండలు పేరుకుని, అవి తెగి మెదడుకో గుండె నాళానికో పోవడం కూడా ఉంది.

మూడోది మందులు, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంట్లో జరుగుతుంది. కడుపు, పేగు, నోరు, గొంతు క్యాన్సర్లకి ఇచ్చే 5-ఎఫ్‌యూ అనే మందు, బిళ్ళల రూపంలో వచ్చే దాని తమ్ముడు కేపిసిటబిన్, కొందరిలో గుండె నాళాల్ని ఉన్నట్టుండి ముడుచుకుపోయేలా చేస్తాయి. బ్లాక్ ఏమీ లేకపోయినా రక్తం ఆగి గుండెనొప్పి వస్తుంది. ఎక్కువగా మొదటి విడతలోనే, మొదటి కొద్దిరోజుల్లోనే బయటపడుతుంది. మందు ఆపితే సాధారణంగా తగ్గుతుంది. సెలైన్‌లో ఎక్కించేటప్పుడైతే నర్సు చూస్తుంది, బిళ్ళలైతే మనిషి గుణుపూరులోనో కాశీనగర్‌లోనో ఇంట్లో ఉంటాడు, నొప్పి వచ్చినా కోర్సు మధ్యలో ఆపకూడదేమో అని మింగుతూనే ఉంటాడు. ఆ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి ఛాతీనొప్పి వస్తే తర్వాతి డోసు వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. సిస్‌ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. రొమ్ము క్యాన్సర్‌కీ లింఫోమాకీ ఇచ్చే డాక్సోరూబిసిన్, అదే అందరూ ఎర్ర మందు అనేది, మోతాదు కూడుకునేకొద్దీ గుండె కండరాన్ని నీరసపరుస్తుంది, అందుకే మధ్యమధ్యలో ఎకో తీయిస్తారు. ఆ ఎకో దండగ ఖర్చు అని ఎగ్గొట్టకండి. కొత్త ఇమ్యూనోథెరపీ మందులు అరుదుగా గుండె కండరంలో వాపు తెస్తాయి, అరుదే గానీ తీవ్రంగా ఉంటుంది.

రేడియేషన్ ప్రభావం ఏళ్ల తర్వాత వస్తుంది. ఎడమ రొమ్ముకి రేడియేషన్ పడ్డప్పుడు గుండెకీ కొంత తగులుతుంది. 2013లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, గుండెకి తగిలిన సగటు మోతాదు ఒక్కో గ్రే (రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) పెరిగినకొద్దీ గుండె నాళాల జబ్బు ముప్పు 7.4 శాతం పెరిగిందని, అది ఐదేళ్ళలోపే మొదలై కనీసం ఇరవై ఏళ్లదాకా ఉంటుందని చూశారు. ఇప్పటి మిషన్లు గుండెకి తగలకుండా చాలావరకు తప్పిస్తున్నాయి. పదిహేనేళ్ళ క్రితం క్యాన్సర్ నయమైన పిన్నికి ఇప్పుడు గుండెనొప్పి వస్తే మాత్రం ఆ పాత రేడియేషన్ సంగతి గుండె డాక్టరుకి చెప్పాలి. "అది ఎప్పుడో నయమైపోయింది కదా" అని వదిలెయ్యకూడదు.

ఏ వైపు వెళ్ళినా ఫైలు చేతిలో ఉండాలి

సరిహద్దులో బతకడంలో ఒక చిక్కు ఉంది. క్యాన్సర్ వైద్యం విశాఖలో, అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రిలోనో కేజీహెచ్‌లోనో జరుగుతుంది, లేదా కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రిలో. గుండెనొప్పి అర్ధరాత్రి వస్తే వెళ్ళేది ఊళ్ళో ఆసుపత్రికి, అక్కణ్ణించి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో శ్రీకాకుళానికో. ఒక ఊరి కంప్యూటర్లో ఉన్నది ఇంకో ఊరి డాక్టరుకి కనబడదు. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా, కాగితాల మీద ఇంగ్లీషు. ఒడిశా రేషన్ కార్డు ఉన్న మాకు ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం (మునుపటి ఆరోగ్యశ్రీ) వర్తించదు, మా కార్డు అవతల ఏ ఆసుపత్రిలో నడుస్తుందో ముందే కనుక్కోవాలి. ఇంత తిరుగుడులో జబ్బు చరిత్ర మొత్తం మోసేది ఆ ప్లాస్టిక్ కవరొక్కటే. బయాప్సీ రిపోర్టు, ఏ మందు ఎప్పుడు ఎక్కించారో ఆ తారీకులు, చివరి స్కాన్, పాత ఈసీజీ, ఇవి అందులో ఉండాలి. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి ఉంచుకోండి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో.

దాచడం గురించి చెప్పకుండా ముగించలేను. రాచపుండు అనే మాట చెవిన పడితే మనిషి బెంగతోనే పోతాడని మన పెద్దల భయం, ఆ భయంలో ప్రేమ ఉంది, మా అన్నయ్య ప్రేమని నేను శంకించను. కానీ పెదనాన్న ముందు నోరు విప్పలేకపోవడం వల్ల ఆ ఇంజెక్షన్‌కీ ఆయన చేతికీ మధ్య కొద్ది నిమిషాలే మిగిలాయి. మీ ఇంట్లో ఇంకా చెప్పలేదా, సరే, కనీసం డాక్టరుని పక్కకి పిలిచి చెప్పే మనిషి ఎవరో ముందే అనుకుని ఉండండి. ఆ మనిషి ఊళ్ళో లేనప్పుడు ఎవరో కూడా అనుకోండి.

ఇక తర్వాత ఏం జరుగుతుందన్నది ఏ క్యాన్సర్ అన్నదాని మీద ఉంటుంది. లింఫోమా గుండెకి చేరినా మందులకి బాగా కరుగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ గుండె పొరకి చేరిందంటే సాధారణంగా మిగిలేది నెలలే, ఆ మాట మాకు ఎకో డాక్టరుగారు దాచకుండా చెప్పారు. తీసిన నీరు మళ్ళీ చేరుతుంటే ఆ సంచికి చిన్న కిటికీలా కోసి, ద్రవం నిలవకుండా చేస్తారు. జబ్బు నయం కాదు, ఊపిరాడని బాధ పోతుంది. ఆ దశలో అదే పెద్ద వైద్యం.

గొట్టం తీసిన రోజు సాయంత్రం పెదనాన్నకి చెప్పేశాం. ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమస్తాగా పనిచేసిన మనిషి. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఫైలేది" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలన్నీ తారీకుల వారీగా సర్ది, పైన ఒక తెల్లకాగితం పెట్టి, దానిమీద ఇంగ్లీషులో, కింద ఒడియాలో రాసుకున్నాడు: జబ్బు పేరు, ఎక్కించిన మందులు, గుండె చుట్టూ నీరు తీసిన తేదీ. ఐదు వారాల తర్వాత మళ్ళీ ఆయాసం మొదలైతే ఈసారి బరంపురం తీసుకెళ్ళాం. డ్యూటీ డాక్టరు ఇంకా ప్రశ్న పూర్తి చెయ్యకుండానే ముందుకి వాలి కూర్చున్న పెదనాన్న ఆ కాగితం చాచి, "మోర క్యాన్సర్ అఛి" అన్నాడు, నాకు క్యాన్సర్ ఉంది అని. ఈసీజీ కంటే ముందు ఎకో మిషన్ మంచం దగ్గరికి వచ్చింది. రెండోరోజు ఆ కిటికీ చేశారు. ఆ తర్వాత నీరు చేరలేదు, ఉన్న నాలుగు నెలలూ వసారాలో తన మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.